లూప్‌లో తిరిగే థ్రెడ్ నుంచి లైనక్స్ సీపీయూని ఎలా లాక్కుంటుందో చూడాలంటే

అంతులేని లూప్‌లో పడ్డ థ్రెడ్ (ప్రోగ్రాంలో విడిగా నడిచే ఒక పని వరుస) తనంతట తాను సీపీయూని వదలదు. టైమర్ ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని ఆపి కెర్నల్‌ను పిలిచే గడియారపు సంకేతం) వచ్చి దాన్ని దింపి ఇంకోదాన్ని ఎక్కిస్తుందని చాలామంది అంటారు గానీ, అది సగమే నిజం. సెకనుకు 250 టిక్‌లు (టైమర్ ఇంటరప్ట్‌లు) పెట్టుకున్న కెర్నల్‌లో, అంటే లైనక్స్ మూల భాగంలో, 4 మిల్లీసెకన్లకోసారి ఇంటరప్ట్ వస్తుంది. వంతు అయిపోయిందని తేలితే షెడ్యూలర్ (సీపీయూ వంతులు పంచే భాగం) 'మార్చాలి' అని గుర్తుగా ఒక ఫ్లాగ్ పెట్టి ఊరుకుంటుంది, అంతే. ఇంటరప్ట్ పని ముగించుకుని యూజర్ మోడ్‌కు (మామూలు ప్రోగ్రాం నడిచే స్థితికి) తిరిగి వెళ్లే గుమ్మంలో కెర్నల్ ఆ ఫ్లాగ్ చూస్తుంది. అసలు స్విచ్, అంటే ఒక థ్రెడ్ దిగి ఇంకోటి ఎక్కడం, జరిగేది అక్కడ. థ్రెడ్ రిజిస్టర్లు (సీపీయూలో దాని అప్పటి విలువలు) ఇంటరప్ట్ లోపలికి వచ్చినప్పుడే దాని కెర్నల్ స్టాక్ మీద భద్రమైపోయి ఉంటాయి.

ఇది కళ్లారా చూడాలంటే ఒకే టెర్మినల్‌లో టాస్క్‌సెట్ (taskset) కమాండుతో 0వ కోర్‌కి కట్టేసి, ఆగకుండా y అని రాస్తూ పోయే 'యెస్' (yes) కమాండును బ్యాక్‌గ్రౌండ్‌లో నడపండి. అవుట్‌పుట్‌ను డెవ్ నల్‌కి (/dev/null, రాసినదంతా పారేసే చోటు) మళ్లించండి. ప్రాక్ (/proc) డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద స్టేటస్ ఫైలు తెరిస్తే, చివరి వరుసల్లో స్వచ్ఛంద స్విచ్‌లు (థ్రెడ్ తానే వదిలినవి), బలవంతపు స్విచ్‌లు (కెర్నల్ లాక్కున్నవి) విడివిడిగా కనిపిస్తాయి. పోటీ లేనంతసేపు రెండోది నెమ్మదిగానే పెరుగుతుంది. అదే కోర్ మీద ఇంకో 'యెస్' మొదలుపెట్టండి, ఆ అంకె పరుగందుకుంటుంది. 250 టిక్‌ల కెర్నల్‌లో టిక్‌టిక్‌కీ వంతు మారినా ఒక్కోదానికి సెకనుకు 125 దగ్గరే ఆగాలి. మధ్యలో వేరే పనులు నిద్రలేచి చొరబడితే ఇంకాస్త పెరుగుతుంది. ప్రతిసారీ ఫైలు తెరవడం విసుగనిపిస్తే ఇవే లెక్కలు చూపించే పిడ్‌స్టాట్ (pidstat) కమాండును -w ఆప్షన్‌తో నడపండి.

అంకె కదలకపోతే ముందు కోర్ చూడండి: రెండూ వేర్వేరు కోర్ల మీద పడి ఉంటాయి. డెవ్ నల్‌కి మళ్లించడం మరిస్తే 'యెస్' టెర్మినల్ కోసం ఆగుతూ ఉంటుంది, పెరిగేది స్వచ్ఛంద లెక్క. పలు థ్రెడ్ల ప్రోగ్రాంలో ఆ స్టేటస్ ఫైలు చెప్పేది మెయిన్ థ్రెడ్ లెక్క ఒక్కటే. మిగతావాటికి టాస్క్ అనే ఉప డైరెక్టరీలోకి వెళ్లాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

ఆ రెండు 'యెస్'లలో ఒకదానికి నైస్ (ప్రాధాన్యం తగ్గించే అంకె) 19 ఇచ్చి చూడండి. సీపీయూ వాటా తేల్చే వెయిట్లు మామూలు దానికి 1024, దీనికి 15 కాబట్టి దానికి దక్కేది సుమారు 1.4 శాతం. రెండు టెర్మినళ్లలో నడిపితే మాత్రం ఈ తేడా రాకపోవచ్చు. ఆటోగ్రూప్ (ఒక్కో సెషన్ పనుల్ని ఒక గుంపుగా చూసే కెర్నల్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే సీపీయూని ముందు సెషన్ల మధ్య, అంటే ఇక్కడ టెర్మినళ్ల మధ్య, పంచుతారు, నైస్ ఆ లోపలే పనిచేస్తుంది.

ఫైఫో (SCHED_FIFO, ముందొచ్చినదాన్ని ముందు నడిపే రియల్‌టైమ్ పద్ధతి) పాలసీతో ఈ ప్రయోగం చేయకండి. దానికి టైమ్ స్లైస్ (వంతుకింత అని కట్టిన సమయం) అనేదే లేదు, సమాన ప్రాధాన్యం ఉన్న రెండో థ్రెడ్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.