నెట్‌వర్క్‌లో లేని డాక్టరని క్లెయిము తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవడం ఎలా?

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాల్లో, నెట్‌వర్క్‌లో (ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల జాబితాలో) లేని డాక్టరు దగ్గర వైద్యం చేయించుకున్నందుకు క్లెయిము చెల్లించబోమని ఇన్సూరెన్స్ కంపెనీ ఉత్తరం పంపితే, ఇక చేసేదేమీ లేదనుకుని బిల్లు కట్టేసేవారిని నేను తరచుగా చూస్తున్నాను. దయచేసి అంత తొందరపడకండి. తిరస్కరణ ఉత్తరం అందిన నాటి నుంచి 180 రోజుల లోపు అప్పీలు చేసుకునే హక్కు చట్టం మీకిచ్చింది.

ముందుగా ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్, అంటే ఏ సేవకు ఎంత చెల్లించారో, ఎందుకు చెల్లించలేదో కంపెనీ తెలిపే వివరణ) కాగితం తీయండి. దానిపై ‘ఇది బిల్లు కాదు’ అని ఉంటుంది. ప్రతి సేవ పక్కన ఒక చిన్న కోడు, ఆ కోడు అర్థం అడుగున సన్నటి అక్షరాల్లో ఉంటాయి. మీ అప్పీలు ఆ కారణానికే జవాబు కావాలి. ముందస్తు అనుమతి లేదని తిరస్కరించిన క్లెయిముకు, జబ్బు ఎంత తీవ్రమైనదో మాత్రమే వివరిస్తూ నాలుగు పేజీలు రాసినా ప్రయోజనం ఉండదు.

అత్యవసర విభాగంలో చేరినప్పుడు గానీ, నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే ఆపరేషన్ జరిగి, మత్తు ఇచ్చిన డాక్టరు ఒక్కరే నెట్‌వర్క్ బయటివారైనప్పుడు గానీ వచ్చిన బిల్లయితే, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం పేరును అప్పీలులో స్పష్టంగా రాయండి. ఆ సందర్భాల్లో మీ వాటా నెట్‌వర్క్ రేటును మించకూడదు. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సుకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

కావాలనే బయటి నిపుణుడి దగ్గరకు వెళ్లినప్పుడు, తగిన డాక్టరు నెట్‌వర్క్‌లో దొరకలేదని మీరే నిరూపించాలి. మా అబ్బాయి విషయంలో, కంపెనీ జాబితాలోని ఏడుగురు డాక్టర్లకూ ఫోన్ చేసి, తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు, వారి జవాబు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను: ఇద్దరు పిల్లలను చూడరు, ఒకరు ఊరు మారారు, ముగ్గురు కొత్త రోగులను తీసుకోవడం లేదు, మిగిలిన ఒకరి అపాయింట్‌మెంటు ఐదు నెలల తర్వాత. అప్పీలుకు ఆ పేజీనే జతచేశాను. దానితోపాటు, ఈ వైద్యం ఈ నిపుణుడే ఎందుకు చేయాలో, ఆలస్యమైతే జరిగే నష్టమేమిటో వివరించే ఉత్తరం డాక్టరు చేత రాయించండి. మీ క్లెయిము ఫైలు కాపీని కంపెనీ ఉచితంగా ఇవ్వాలి కనుక, అప్పీలు రాయడానికి ముందే దాన్ని అడిగి తెప్పించుకోండి.

వైద్యం ఇంకా జరగకపోతే కంపెనీ సాధారణంగా 30 రోజుల్లో, జరిగిపోతే 60 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో నిర్ణయం చెప్పాలి. అప్పుడూ కాదంటే, నాలుగు నెలల లోపు బయటి సమీక్ష కోరవచ్చు. కంపెనీతో సంబంధం లేని నిపుణులు ఫైలు పరిశీలించి ఇచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. అయితే ఈ సమీక్ష ప్రధానంగా వైద్యపరమైన నిర్ణయంతో ముడిపడిన తిరస్కరణలకే దొరుకుతుంది. డాక్టరు ఉత్తరాన్ని మొదటి అప్పీలులోనే పెట్టమనడానికి ఇదొక ముఖ్య కారణం.

మీ ప్లాను సెల్ఫ్ ఫండెడ్ (అంటే క్లెయిముల డబ్బును ఇన్సూరెన్స్ కంపెనీ కాక మీ ఉద్యోగ సంస్థే భరించేది) అవునో కాదో ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడగండి. అవునంటే, ఉద్యోగుల ప్రయోజన పథకాలకు సంబంధించిన 1974 నాటి ఎరిసా చట్టం ప్రకారం అది సాధారణంగా కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తుంది. రాష్ట్ర బీమా శాఖకు ఫిర్యాదు చేస్తే కాలయాపనే మిగులుతుంది. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్సుకు సాధారణంగా ఈ గడువులూ, హక్కులూ వర్తించవు కాబట్టి, అక్కడ ఆ పాలసీ పత్రంలోని అప్పీలు నిబంధనలనే పాటించాలి.

అప్పీలును సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. అది తేలేవరకు బిల్లును కలెక్షన్స్‌కు (బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి) పంపవద్దని ఆసుపత్రి బిల్లింగ్ విభాగానికి అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయండి.