పట్టుగూటి నుంచి వైద్య అవసరాలకు ఫైబ్రాయిన్ పోగులు

పట్టుదారంలో రెండు ప్రోటీన్లు ఉంటాయి. లోపలి పోగు ఫైబ్రాయిన్. దానిపై పూతలా ఉండే జిగురు సెరిసిన్, గూడు బరువులో దాదాపు నాలుగో వంతు. శరీరంలోని ఎంజైములు ఫైబ్రాయిన్‌ను మెల్లగా విచ్ఛిన్నం చేస్తాయి కనుక, కణాలు పెరగడానికి ఆధారంగా నిలిచే పలుచని పొరలను దానితో తయారు చేస్తారు. ఇది ప్రయోగశాలలో మాత్రమే చేయవలసిన పని.

ముందుగా ప్యూపాను (గూటిలోపల ఉండే పట్టుపురుగు కోశస్థ దశను) తీసివేసిన మల్బరీ గూళ్లను చిన్న ముక్కలుగా కత్తిరించి, 5 గ్రాములు తూచుకోవాలి. రెండు లీటర్ల శుద్ధజలంలో 4.24 గ్రాముల సోడియం కార్బొనేట్ కరిగించి, మరుగుతున్నప్పుడు ముక్కలను వేసి, కలుపుతూ 30 నిమిషాలు ఉడికించాలి. పట్టునేత ఊళ్లలో సబ్బు, సోడా వేసి జిగురు తీయడం పాత పనే. ఇక్కడ తేడా అంతా గడియారంలో ఉంది. తక్కువ ఉడికితే సెరిసిన్ మిగిలి శరీరంలో వాపు కలిగించవచ్చు. ఎక్కువసేపు ఉడికితే ఫైబ్రాయిన్ అణువులే తెగిపోయి, తర్వాత తీసే పోగు బలహీనపడుతుంది. నా దృష్టిలో మొత్తం పని నాణ్యత తేలేది ఈ అరగంటలోనే. శుద్ధజలంలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు కడిగి, రాత్రంతా ఆరబెట్టి తూచాలి. సుమారు 3.6 గ్రాములు మిగిలితే జిగురు పోయినట్టే; 4 గ్రాములు దాటితే పోలేదని అర్థం.

ఆరిన పోగును గ్రాముకు 4 మిల్లీలీటర్ల చొప్పున 9.3 మోలార్ గాఢత (లీటరుకు 9.3 మోల్‌లు) గల లిథియం బ్రోమైడ్ అనే లవణ ద్రావణంలో ముంచి, 60 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగు గంటలు ఉంచితే తేనెరంగులో పారదర్శకంగా కరుగుతుంది. లవణాన్ని తొలగించడానికి 3,500 డాల్టన్ల (డాల్టన్ అణుభారానికి కొలత) డయాలసిస్ పొరలో, అంటే చిన్న అణువులను బయటికి పోనిచ్చి ప్రోటీన్‌ను ఆపే జల్లెడ లాంటి పొరలో పోసి, నీటిని మారుస్తూ 48 గంటలు ఉంచి, వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో మడ్డి తీయాలి. దీన్ని గట్టిగా కుదిపితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ద్రావణం పోగు తీయడానికి పనికిరాదు.

ఫైబ్రాయిన్ ద్రావణం ఒక్కటే సరిగా సాగదు కాబట్టి నీటిలో కరిగే పాలిమర్ అయిన పాలీఇథిలీన్ ఆక్సైడ్ కలిపి, పది పన్నెండు కిలోవోల్టుల వద్ద ఎలక్ట్రోస్పిన్నింగ్ (అధిక విద్యుత్ పీడనంతో ద్రావణాన్ని సన్నని పోగులుగా లాగడం) చేస్తారు. అలా ఏర్పడిన పొర నీటిలో కరుగుతుంది. మిథనాల్‌లో కాసేపు ముంచితే ప్రోటీన్ గొలుసులు బీటా షీట్లుగా (పక్కపక్కన గట్టిగా అమరిన వరుసలుగా) సర్దుకుని కరగకుండా నిలుస్తాయి. మిథనాల్ విషం కనుక ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్‌హుడ్ తప్పనిసరి. ఆపై 37 డిగ్రీల నీటిలో రెండు రోజులు ఉంచితే పాలీఇథిలీన్ ఆక్సైడ్ చాలావరకు కరిగిపోయి, ఫైబ్రాయిన్ పోగులు మిగులుతాయి.