పాము పెట్టెకు వెచ్చదనం – మూడవ పాఠం: ప్రోబ్ ఎక్కడ పెట్టాలి?

గత పాఠంలో గాజు పెట్టె, దాక్కునే గూళ్లు అమర్చుకున్నాం. ఇప్పుడు వేడి సంగతి. మన ఉదాహరణ కార్న్ స్నేక్: అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పాము, అక్కడ ఇళ్లలో విరివిగా పెంచుకునేది. (భారతదేశంలో జెర్రిపోతు, నాగుపాము వంటివాటిని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈ పాఠాలు వాటి కోసం కావు.)

పాము తన ఒంటి వేడిని పరిసరాల నుంచే తెచ్చుకుంటుంది. తిన్న ఎలుక అరగడానికి వెచ్చని చోటు, ఒళ్లు వేడెక్కాక జరగడానికి చల్లని చోటు, రెండూ కావాలి. అందుకే ఒక్క వైపే వేడి పెడతాం. వెచ్చని వైపు నేల 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో వైపు సుమారు 75. హీట్ మ్యాట్‌ను (కరెంటుతో వేడెక్కే పలుచని పరుపు) బయటి నుంచి అడుగున అంటించండి. అడుగు భాగంలో మూడో వంతు చాలు. కింద గాలి ఆడేలా పెట్టెను చిన్న కాళ్ల మీద నిలపండి.

మ్యాట్‌ను నేరుగా గోడ ప్లగ్గులో మాత్రం పెట్టవద్దు. థర్మోస్టాట్ (పెట్టిన వేడికి చేరగానే మ్యాట్‌ను ఆపే పరికరం) తప్పనిసరి. కింది నుంచి కాలుతున్నా పాము వెంటనే తప్పుకోదు. పొట్ట పొలుసులు ఎర్రబడి బొబ్బలెక్కుతున్నా అక్కడే చుట్ట చుట్టుకుని ఉండిపోగలదు.

థర్మోస్టాట్‌కు తెలిసేది ఒక్కటే: తీగ చివర ఉన్న ప్రోబ్ (వేడిని పసిగట్టే మొన) ఎంత వేడిగా ఉందో. దాన్ని పెట్టెలో గాలికి వేలాడదీస్తే, చల్లగా ఉందనుకుని మ్యాట్‌ను ఆపదు. కింద గాజు పెనంలా కాలిపోతుంది. లోపల నేల మీద పరిచిన పొట్టు కింద పెడితే పాము తవ్వి పక్కకు నెడుతుంది, లేదా నీళ్ల గిన్నె ఒలికి తడుస్తుంది. అందుకే నా సలహా: మ్యాట్‌కూ గాజుకూ మధ్య, మ్యాట్ నడిమికి వచ్చేలా, ప్రోబ్‌ను బయటే బిగించండి. పెట్టె లోపల టేపు అసలే వద్దు. అది పొలుసులకు అంటుకుంటే పీకేటప్పుడు చర్మం లేచి వస్తుంది.

ప్రోబ్ చూపే అంకె, పాము పడుకునే నేల వేడి ఒకటి కావు. కాబట్టి మూత తీసి, వెచ్చని వైపు పొట్టు పక్కకు జరిపి, అడుగు గాజును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో (తాకకుండా, గురిపెట్టి వేడిని కొలిచేది) పైనుంచి కొలవండి. పక్క అద్దం బయట నుంచి గురిపెడితే ఆ అద్దం వేడే కనిపిస్తుంది. పొట్టు మీద కొలిస్తే చాలదు, పాము గాజు దాకా తవ్వుకుపోతుంది. థర్మోస్టాట్‌ను 85 దగ్గర మొదలుపెట్టి, కొన్ని గంటలు ఆగి, రెండేసి డిగ్రీలు పెంచండి. అడుగు గాజు 88 చూపగానే ఆపండి. పొట్టు మందంగా పోస్తే వేడి కిందే చిక్కుకుపోతుంది, అంగుళం చాలు.

అభ్యాసం: పాము రాకముందే అంతా ఒక పూర్తి రోజు నడపండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి రెండు వైపులా కొలిచి రాసుకోండి. వెచ్చని వైపు ఒక్కసారైనా 90 దాటితే ప్రోబ్ ఊడిందేమో చూసి, సరిచేసి, మరో రోజు నడపండి. అంతవరకు పామును తీసుకురావద్దు.