చివరి సంఖ్య ఇచ్చి మొదటిది అడిగితే: వెనక నుంచి లెక్క చేసే పద్ధతి

చివరికి ఎంత మిగిలిందో చెప్పి మొదట ఎంత ఉందని అడిగే లెక్కలకు ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. జరిగినవన్నీ జరిగిన వరుసలోనే, మధ్యలో బాణం గుర్తులు పెట్టి ఒకే గీతలో రాసుకోండి. ఇక కుడి నుంచి ఎడమకు రండి. కూడిన చోట తీసెయ్యాలి, గుణించిన చోట భాగించాలి. తీసివేత, భాగహారం వస్తే దానికి తిరగేసి.

ఒక సంఖ్యను 3తో గుణించి, 5 తీసేసి, సగం చేస్తే 11 వచ్చింది. వెనక్కి వస్తే 11 × 2 = 22, 22 + 5 = 27, 27 ÷ 3 = 9. ఇది తేలికే.

అసలు చిక్కు భిన్నాలతో. ఒక పుస్తకంలో మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు 40 పేజీలు, మూడో రోజు మిగిలినదాంట్లో సగం చదివితే ఇంకా 60 పేజీలు ఉన్నాయి. 60 × 2 = 120, 120 + 40 = 160. ఇక్కడే చాలామంది 160కి దాని మూడో వంతు కలిపేస్తారు. అది తప్పు, ఎందుకంటే మూడో వంతు తీసింది మొత్తంలోంచి, 160లోంచి కాదు. 160 అంటే మొత్తంలో 2/3. ఒక వంతు 80, మూడు వంతులు 240. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఈ చిక్కుకే ఒక నియమం ఇచ్చాడు: భాగం తీసేసిన చోట హారంలోంచి లవాన్ని తగ్గించాలి. 1/3 కాస్తా 1/2 అవుతుంది. 160కి అందులో సగం కలిపితే అదే 240. శాతాల్లోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 20 శాతం పెరిగి 240 అయిన సంఖ్య అసలు విలువ 200. 240లో 20 శాతం తీసేస్తే వచ్చే 192 కాదు.

‘సగం, ఆపైన మరో 5 ఇచ్చేస్తే 7 మిగిలాయి’ అన్నప్పుడు ముందు 5 కలిపి, ఆ తర్వాతే రెట్టింపు చేయాలి: 24. వరుస మారితే 19 వస్తుంది. జవాబును మొదటి నుంచి నడిపి చూస్తే తప్పు బయటపడుతుంది, 19లో సగం 9½ మరి!

‘ఒక సంఖ్యకు మూడు రెట్లు, ఆ సంఖ్య కంటే 14 ఎక్కువ’ లాంటివాటిలో తెలియనిది రెండు చోట్ల ఉంటుంది, వెనక్కి రావడానికి చివరి సంఖ్యే ఉండదు. అక్కడ సమీకరణం రాయడమే మేలు.