చాలక నాడీకణాలను అర్థం చేసుకోవడం, కాపాడుకోవడం ఎలా?

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కేవారి కాళ్లకు అందే ప్రతి ఆజ్ఞా మెదడు నుంచి వెన్నుపాము మీదుగా కండరాన్ని చేరుతుంది. ఆ ఆజ్ఞను మోసే కణాలే చాలక నాడీకణాలు, అంటే మోటార్ న్యూరాన్లు. స్పర్శను, నొప్పిని మెదడుకు తెలిపే కణాలు వేరు. కాబట్టి కాలు తిమ్మిరెక్కడం, కాలు లేవకపోవడం ఒకే జబ్బు కానక్కరలేదు.

1. ముందుగా పై కణాలను, కింది కణాలను వేరుచేసి చూడండి

పై కణాలు మెదడులో పుట్టిన ఆజ్ఞను వెన్నుపాములోనో, మెదడు కాండంలోనో ఉన్న కింది కణాలకు అందిస్తాయి. కింది కణాలు దానిని కండరం దాకా తీసుకువెళతాయి. వైద్యుడికి అన్నిటికంటే పనికివచ్చే విభజన ఇదే. పై కణాలు దెబ్బతిన్న కొంత కాలానికి కాలు బిగుసుకుపోతుంది, మోకాలి కింద సుత్తితో తడితే మామూలుకంటే ఎక్కువగా ఎగురుతుంది. కింది కణాలు దెబ్బతింటే కండరం వదులై సన్నబడుతుంది, చర్మం కింద అదురుతుంది, సుత్తి దెబ్బకు స్పందన తగ్గుతుంది. మెదడు దెబ్బతిని వచ్చే పక్షవాతం మొదటి కోవకు, పోలియో రెండో కోవకు చెందుతాయి. ఏఎల్‌ఎస్‌ (అమయోట్రోఫిక్ లాటరల్ స్క్లెరోసిస్) అనే నాడీ జబ్బులో రెండు రకాల కణాలూ క్షీణిస్తాయి.

2. కింది కణాల్లోని రకాలను గమనించండి

ఆల్ఫా కణాలు కండరాన్ని ముడుస్తాయి, గామా కణాలు సాగుదలను పసిగట్టే సన్నని పోగుల బిగువును సరిచేస్తాయి, బీటా కణాలు రెండు పనులూ చేస్తాయి. ఒక ఆల్ఫా కణం కంటి కండరంలో పది పోగులనే నడిపితే, పిక్కలో వెయ్యికి పైగా నడపగలదు. చదునైన దారిలో చిన్న కణాలే చాలు. తిరుమల దారిలో నిటారుగా ఉండే మోకాళ్ళ పర్వతం దగ్గర పెద్దవి కూడా పనిలోకి దిగుతాయి.

3. నివారించగల హానిని నివారించండి

పెద్దవారిలో చనిపోయిన చాలక కణం స్థానంలో కొత్తది పుట్టదు. ఏఎల్‌ఎస్ వంటి జబ్బును కచ్చితంగా ఆపే ఆహారమూ, కషాయమూ లేవు; అలా అమ్మేవారిని నమ్మనక్కరలేదు. అయితే బి12 విటమిన్ లోపం వెన్నుపాములోని దారులను దెబ్బతీస్తుంది. రాగి సంగటి, పప్పు ఎంత బలమైనవైనా వాటిలో బి12 ఉండదు కనుక, శాకాహారులు పాలు, పెరుగు మానకూడదు. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహం మందును ఏళ్ల తరబడి వాడినా బి12 తగ్గవచ్చు కనుక, అలాంటి రోగులు రక్తపరీక్ష గురించి వైద్యుడిని అడగాలి.

చిత్తూరు మామిడి తోటల్లో మందు కొట్టేవారికి మరో జాగ్రత్త అవసరం. ఆర్గానోఫాస్ఫేట్ మందులు, నాడి కండరాన్ని కలిసే చోట పని ముగిసిన రసాయనాన్ని తొలగించే ఎంజైమును అడ్డుకుంటాయి. విషం ఎక్కువగా ఎక్కితే ఒకటి నుంచి నాలుగు రోజుల తర్వాత కూడా మెడ, శ్వాస కండరాలు బలహీనపడవచ్చు. చేతి తొడుగులు వేసుకుని, గాలివాలుకు ఎదురుగా నిలబడకుండా కొట్టి, తడిసిన బట్టలను వెంటనే విప్పి, సబ్బుతో స్నానం చేయాలి. పిల్లలకు పోలియో చుక్కలు తప్పనిసరి. వయసుతో కొన్ని కణాలు తగ్గినా, మిగిలినవి కొమ్మలు చాచి అనాథలైన పోగులను కొంతవరకు ఆదుకుంటాయి; నడక, తేలికపాటి బరువుల వ్యాయామం ఆ కండరాలను బలంగా ఉంచుతాయి.

4. ఎప్పుడు చూపించుకోవాలో తెలుసుకోండి

కొండ ఎక్కి దిగాక పిక్క అదిరితే, బలం తగ్గకపోతే, సాధారణంగా భయం లేదు. నడుస్తుంటే తెలియకుండా చెప్పు జారిపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం వంటివి వారాల తరబడి పెరుగుతుంటే న్యూరాలజిస్టును కలవాలి. తిరుపతిలో స్విమ్స్‌ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఏ కాలితో మొదలైంది, బిగుతా వదులా అన్నది రాసుకుని వెళ్లండి. ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక పక్క చేయి, కాలు పడిపోయినా మాత్రం వేచి చూడకుండా 108కి ఫోన్ చేయాలి.