పోర్ట్ ఖాళీ చేసే ముందు ఇవి చూసుకోండి

సర్వర్ స్టార్ట్ చేస్తే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని వచ్చిందా? అంటే ఆ పోర్ట్‌ని, అదే ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లో వాడే నంబర్‌ని, ఇంకో ప్రోగ్రామ్ పట్టుకోనుండాది. వెంటనే కిల్ (ప్రోగ్రామ్‌ని ఆపే కమాండ్) కొట్టబాకండి.

ముందు ఆ పోర్ట్‌లో ఏ ప్రోగ్రామ్ కూర్చొని ఉందో చూడండి. లినక్స్‌లో అయితే సుడో (అడ్మిన్ హక్కులు) పెట్టి ‘ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌టీఎన్‌పీ’ కొట్టండి, సుడో లేకపోతే వేరే యూజర్ ప్రాసెస్ పేరు కనపడదు. విండోస్‌లో ‘నెట్‌స్టాట్ మైనస్ ఏఎన్‌ఓ’, చివరి కాలమ్‌లో ఉండేదే పీఐడీ, అంటే ప్రాసెస్ నంబరు.

ఆ పీఐడీ దేనిదో తెలియకుండా ముట్టుకోబాకండి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. కావలిలో ఒక రొయ్యల మేత షాపులో కొత్త డేటాబేస్ పెడదామని పొయ్యి, 5432 పోర్ట్‌లో ఏదో పాతది ఉందిలే అని కిల్ మైనస్ 9 (బలవంతంగా చంపేసేది) కొట్టేశా, అది లైవ్‌లో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, బయట బస్తాలు ఆటోలో ఎక్కించేసి రైతులు బిల్లు కోసం నిలబడున్నారు, అది మళ్లీ లేచి రికవరీ అయ్యేదాకా నాకు చెమటలు పట్టినాయి.

అందుకే ముందు మామూలు కిల్, అంటే సిగ్నల్ 15, అదైతే ప్రోగ్రామ్ ఫైళ్లు మూసుకొని పోతుంది. కాసేపు ఆగండి. 9 అనేది ఇంక వేరే దారి లేనప్పుడే.

చంపినా కొత్త పీఐడీతో మళ్లీ వస్తుందంటే వెనక దాన్ని మళ్లీ లేపే సిస్టమ్‌డీనో డాకరో ఉండాది, సర్వీస్‌నే స్టాప్ చెయ్యాల.

పోర్టే మార్చేద్దాం అనుకుంటే ఫైర్‌వాల్‌లో, ముందర ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉంటే దాంట్లో కూడా మార్చాల, 1024 కంటే తక్కువ నంబరైతే లినక్స్‌లో మామూలుగా రూట్ (అడ్మిన్) పర్మిషన్ అడుగుద్ది.