టాప్ మోడలా, లగ్జరీలో బేస్ మోడలా? రూ.50 లక్షల దగ్గర కారు ఎంచుకునే పద్ధతి

కారుకు రూ.45 లక్షల నుంచి రూ.55 లక్షల వరకు ఖర్చు పెట్టగల కుటుంబం ముందు ఈరోజు రెండు దారులున్నాయి. స్కోడా కొడియాక్ వంటి బండిలో ఏ లోటూ లేని టాప్ మోడల్ తీసుకోవడం ఒకటి. దాదాపు అదే సొమ్ముతో బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడీ క్యూ3, మెర్సిడెస్ బెంజ్ జీఎల్‌ఏలలో మొదటి మెట్టు మోడల్ తీసుకోవడం రెండోది. చాలామంది రెండు బ్రోషర్లూ పక్కపక్కన పెట్టుకుని, దేనిలో ఎన్ని ఫీచర్లున్నాయో లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. నా దృష్టిలో పొరపాటు అక్కడే మొదలవుతుంది. డాష్‌క్యామ్, మంచి స్పీకర్లు, సీటు కవర్లు ఎప్పుడైనా వేయించుకోవచ్చు. ఇంజను, సస్పెన్షన్, వెనుక సీటులో మోకాళ్లకు దొరికే చోటు, ఎయిర్‌బ్యాగులు మాత్రం కొన్ననాడు ఏవి వస్తే చివరిదాకా అవే. కాబట్టి ముందుగా ఒక కాగితం మీద, తర్వాత మార్చుకోలేని అంశాలను మాత్రమే రాసుకుని, రెండు బండ్లనూ వాటి మీదే పోల్చండి.

అలా పోల్చినప్పుడు బ్రాండు గుర్తు వెనుక ఉన్న అసలు వస్తువు కనిపిస్తుంది. ఎక్స్1 పెట్రోలు మోడల్‌లో ఉన్నది మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజను, దాని శక్తి 136 హెచ్‌పీ. కొడియాక్‌లో నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజను 204 హెచ్‌పీ ఇస్తుంది, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. జీఎల్‌ఏ 200లోని 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను రెనో సంస్థతో కలిసి రూపొందించినది. ఆ ఇంజన్ల శ్రేణికి చెందినదే 2020లో మన దేశంలో రెనో డస్టర్‌లోనూ వచ్చింది. ఇక ఆడీ క్యూ3, కొడియాక్ ఒకే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లు. రెండింటినీ మహారాష్ట్రలోని ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్) కర్మాగారంలోనే బిగిస్తారు. లగ్జరీ పేరంతా బూటకమని చెప్పడానికి ఇవన్నీ రాయడం లేదు. బయటి శబ్దం లోపలికి రాకుండా వేసే పొరలు, వేగంలో బండి రోడ్డును పట్టుకునే తీరు, స్టీరింగులో తెలిసే నిబ్బరం, రోజూ చేతికి తగిలే మీటల నాణ్యత వంటి చోట్ల ఆ సంస్థలు నిజంగానే డబ్బు పెడతాయి. అయితే వాటి విలువ బ్రోషరులో కాదు, నడిపినప్పుడే తెలుస్తుంది.

అందుకే టెస్ట్ డ్రైవ్‌కు ఒక గంట కాదు, ఒక పూట కేటాయించండి. షోరూంలో నడపడానికి ఇచ్చే బండి తరచుగా పై మోడలే అయి ఉంటుంది. దాని చక్రాలు, సీట్లు, మ్యూజిక్ సిస్టమ్ మీరు కొనబోయే బేస్ మోడల్‌లో ఉండకపోవచ్చు. మీరు డబ్బు కట్టబోయే మోడల్‌నే చూపించమని గట్టిగా అడగండి; అది లేదంటే, నడిపిన బండికీ కొనే బండికీ ఉన్న తేడాలను ఒక్కొక్కటిగా చెప్పించుకుని రాసుకోండి. డ్రైవరును పెట్టుకునే అలవాటున్న ఇల్లయితే, ఎక్కువ ప్రయాణం వెనుక కూర్చున్నవారిదే కాబట్టి, మీరు కూడా సగం దూరం వెనుక సీటులోనే కూర్చోవాలి. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారుంటే వారిని తప్పక తీసుకువెళ్లి, రెండు బండ్లలోనూ మూడుసార్లు ఎక్కించి దింపండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదా, మీ వీధిలోని ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ మీదా బండిని దాటించి అడుగు తగులుతుందేమో చూడండి. ఇక్కడ పెద్ద బండికీ ఒక చిక్కుంది: కొడియాక్ పొడవు 4,758 మి.మీ., ఎక్స్1 పొడవు 4,500 మి.మీ. ఇరుకైన సెల్లార్‌లో స్తంభాల మధ్య తిప్పేవారికి ఆ జానెడు తేడా రోజూ తెలుస్తుంది. డిక్కీ కూడా తెరిచి చూడండి, ఎందుకంటే కొన్ని లగ్జరీ బండ్లలో స్టెప్నీ డిక్కీలోనే పడుకుని ఉండి సూట్‌కేసుల చోటును ఆక్రమిస్తుంది.

వీలైతే ఈ పరీక్షను మే నెల మధ్యాహ్నం ఎండలో చేయమంటాను. చల్లని దేశాల కోసం గీసిన బండిలో సీటును వేడి చేసే ఏర్పాటు ఉండి, చల్లగాలి వదిలే ఏర్పాటు లేకపోవడం మన కొత్తగూడెం, రెంటచింతల ఎండల్లో చిన్న విషయం కాదు. టొయోటా ఇన్నోవా హైక్రాస్ టాప్ మోడల్‌లో ముందు సీట్లకు చల్లగాలి, మధ్య వరుసలో కాళ్లు చాపుకునే సీట్లు ఉంటాయి. పైగా దాని ధర ఈ లగ్జరీ బండ్ల కంటే బాగా తక్కువ. తరచూ తిరుపతికో సొంత ఊరికో ఆరేడుగురు కలిసి వెళ్లే ఇంటికి అసలు పోటీ అక్కడి నుంచే మొదలవుతుందని నేను నమ్ముతాను.

ఇక డబ్బు లెక్క. ఎక్స్-షోరూం ధరను వదిలేసి ఆన్-రోడ్ ధరనే చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ కార్లకు జీఎస్‌టీ 40 శాతమే కాబట్టి ఆ శాతంలో ఈ రెండు వర్గాలకూ తేడా లేదు. ఆ పైన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్, బీమా చేరతాయి. రూ.10 లక్షలు దాటిన కారుకు షోరూం వసూలు చేసే 1 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) ఖర్చు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. రూ.50 లక్షల బండి మీద అది రూ.50 వేలు, మరచిపోదగిన మొత్తం కాదు.

తెలంగాణలో రిజిస్ట్రేషన్ చేయించేవారికి ఈ లెక్కను తలకిందులు చేసే మూడో దారి ఒకటుంది. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్‌టీ 5 శాతమే. అదీగాక 2024 నవంబరు నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. 2025 జనవరిలో రూ.49 లక్షల ఎక్స్-షోరూం ధరతో వచ్చిన బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్‌లో ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 2,800 మి.మీ., అంటే దాదాపు కొడియాక్‌తో సమానం. ఇంట్లో చార్జర్ పెట్టుకునే వీలుండి, తిరుగుడు ఎక్కువగా నగరంలోనే ఉంటే, లగ్జరీ బేస్ మోడల్ వైపు నేను నిస్సంకోచంగా మొగ్గేది ఈ ఒక్క సందర్భంలోనే.

కొన్న తర్వాతి ఖర్చును ఆరో సంవత్సరం దాకా ఊహించుకోవాలి. వారంటీ, సర్వీస్ ప్యాకేజీ ఎన్నేళ్లకు ఉన్నాయి, వాటిని పొడిగిస్తే ఎంత అవుతుంది, నాలుగు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ముందు అద్దం, ఒక హెడ్‌లైట్ ధరలు ఎంత అన్న వివరాలు షోరూంలో కాకుండా సర్వీస్ సెంటర్ కౌంటరులో అడిగి తెలుసుకోండి. లగ్జరీ బండి హెడ్‌లైట్ ఒక్కటే లక్ష రూపాయలు దాటడం వింత కాదు. జీరో డిప్రిసియేషన్ (పాతబడిన భాగాలకు తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే అదనపు రక్షణ) లేని బీమాలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత పడుతుంది కాబట్టి ఆ యాడ్-ఆన్ తప్పనిసరి. ఇంజన్ ప్రొటెక్షన్ కూడా అంతే: 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు నీట మునిగిన తీరు చూశాక, ఆ కొద్ది ప్రీమియం దగ్గర వెనుకాడకూడదు. నీరు లోపలికి చేరి ఇంజను పట్టేస్తే మామూలు పాలసీ ఆ నష్టాన్ని భరించదు.

సర్వీస్ సెంటర్ దూరం గురించి పట్టుబట్టి చెబుతాను. హైదరాబాద్‌లో ఉన్నవారికి అది పెద్ద ప్రశ్న కాదు. ఖమ్మం, అనంతపురం, శ్రీకాకుళం వంటి ఊళ్లలో ఉంటే, చిన్న సెన్సర్ చెడినా బండిని వేరే నగరానికి లారీ మీద పంపాల్సి రావచ్చు. ఇంట్లో అదొక్కటే కారైతే ఆ రోజులన్నీ అద్దె బండి మీద గడపాలి. అటువంటి ఊళ్లో ఉండి, ఒకే కారుతో నెట్టుకొచ్చే కుటుంబం సాధారణ బ్రాండ్ టాప్ మోడల్ తీసుకోవడమే సరైనదని నా అభిప్రాయం. ఇంట్లో రెండో బండి ఉండి, తానే నడుపుకోవడంలో ఆనందం పొందే మనిషి, సర్వీస్ సెంటర్ అందుబాటులో ఉంటే, లగ్జరీ బేస్ మోడల్ కొనడం ఏ విధంగానూ దుబారా కాదు. ఐదేళ్లలో అమ్మేయాలనుకునేవారు మాత్రం, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో లగ్జరీ పెట్రోలు బండి ధర ఎంత వేగంగా పడిపోతుందో ముందే విచారించుకోవాలి.

సంవత్సరం చివరలో బేస్ మోడళ్ల మీద పెద్ద తగ్గింపులు వస్తాయి, కానీ జనవరిలో చేతికొచ్చే బండి పాత సంవత్సరం తయారీదైతే అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగానే లెక్కిస్తారు. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు మోడల్ పూర్తి పేరు, రంగు, తయారైన నెల, సంవత్సరం, ఇస్తామన్న తగ్గింపు, ఉచిత యాక్సెసరీలు బుకింగ్ ఫారం మీదే రాయించుకుని, షోరూం ముద్ర వేయించుకోండి. రిజిస్ట్రేషన్‌కు పంపకముందే యార్డుకు వెళ్లి ఛాసిస్ నంబరును బట్టి తయారైన నెల, సంవత్సరం ఆ కాగితంలో రాసినవేనా అని సరిచూసుకోండి.